దమ్ము రోజుల్లో ట్రాక్టరు విరగకుండా చూసుకోవడం ఎలా, విరిగితే చేలో ఏం చేయాలి

కాలువలకు నీరు వదిలిన వారం నుంచి నన్ను అడిగే ప్రశ్నలన్నీ ఇంచుమించు ఒకేలా ఉంటాయి. "నిన్నటిదాకా బాగానే నడిచిందండీ, గట్టెక్కిస్తుంటే టక్కుమంది, చక్రం పక్కకు ఒరిగిపోయింది" అని ఒకరు, "క్రాసు ఈ సీజనులో మూడోసారి పోయింది, కంపెనీదే వేశాను" అని మరొకరు (క్రాసు అంటే చేను దున్నే రోటోవేటరును తిప్పే షాఫ్టు కీలు), "గేరు నూనె పాల టీలా మారింది, ఏం చేయమంటారు" అని ఇంకొకరు అడుగుతూ ఉంటారు. గోదావరి తూర్పు, మధ్య, పశ్చిమ డెల్టాలు మూడింటిలోనూ సార్వా (తొలకరి వరి) దమ్ములు, అంటే నాట్లకు ముందు నీరు పెట్టిన చేను కలియదున్నే పనులు, దగ్గరదగ్గరగా మొదలవుతాయి గనుక ఆ రోజుల్లో బండికి విశ్రాంతి ఉండదు, మెకానిక్కు దొరకడు, మెకానిక్కు దొరికినా విడిభాగం దొరకదు. అందుకే ఈ ప్రశ్నలన్నిటికీ పనిచేసే వరుసలో ఒకేచోట సమాధానం రాస్తున్నాను.

నేను చూసిన విరుగుళ్ళలో నడి చేలో జరిగినవి తక్కువ. గట్టు ఎక్కేటప్పుడు, మలుపు తిరిగేటప్పుడు, దిగబడిన బండిని లాగేటప్పుడు జరిగినవే ఎక్కువ. బురద చేసే పని వేరు. అది సీళ్ళను తినేస్తుంది, బేరింగుల్లోకి ఇసుకను చేరుస్తుంది, చక్రాల బోల్టులను వదులు చేస్తుంది. అలా లోలోపల డొల్లబారిన భాగాన్ని చివరికి గట్టు విరుస్తుంది. కాబట్టి కింద చెప్పిన పనుల్లో సగం బండి చేలోకి దిగకముందే చేయవలసినవి.

దగ్గర ఉంచుకోవలసినవి

ఇవి ఇంటి దగ్గర కాదు, బండి మీద టూల్ పెట్టెలోనో గట్టు మీద గోనెసంచిలోనో ఉండాలి.

- చక్రాల బోల్టులకు సరిపోయే పానా, దాని పిడికి తొడిగే మూడడుగుల పైపు
- గ్రీజు గన్ను, గ్రీజు, పాత గుడ్డలు
- మీ షాఫ్టుకు సరిపోయే క్రాసు ఒకటి, దాని సర్‌క్లిప్పులు, సర్‌క్లిప్ ప్లయరు
- షియర్ బోల్టులు అరడజను, లించ్ పిన్నులు నాలుగు, టాప్‌లింకు (రోటోవేటరును పై నుంచి పట్టే కడ్డీ) చీల ఒకటి
- జాకీ, దాని కింద వేయడానికి రెండు చదరపు అడుగుల మందపాటి చెక్క పలక
- ఇనుప తాడు లేదా గొలుసు, రెండు డీ షకిల్స్
- పార, పలుగు, పదునైన కొడవలి
- వైరు బ్రష్షు, చిన్న సీసాలో కిరోసిన్, సుద్దముక్కలు
- తెల్ల పెయింటు చిన్న డబ్బా, టార్చిలైటు

చెక్క పలక పెద్ద వస్తువేమీ కాదని వదిలేసేవారు చాలామంది ఉన్నారు. మన నల్లమట్టిలో పలక లేని జాకీ బండిని పైకి లేపదు, తానే కిందికి దిగుతుంది.

1. దింపే ముందు రోజు చేయవలసిన పరీక్ష

ముందు బండిని కడిగి, ఆరనివ్వండి. మట్టి కింద పగులు కనపడదు.

తరువాత పగుళ్ళ కోసం వెతకాలి. వెనుక చక్రం డిస్కులో బోల్టు రంధ్రాల చుట్టూ, ముందు యాక్సిల్ మధ్య చీల ఉండే చోట, కింది లింకుల చివరల్లో, రోటోవేటరు తగిలించే చెవుల వెల్డింగు దగ్గర, దమ్ము చక్రాల (బురదలో పనికి వేసే ఇనుప చక్రాల) ఆకులు చట్రానికి అతికిన చోట అనుమానించవలసి ఉంటుంది. ఆ చోటును వైరు బ్రష్షుతో మెరిసేదాకా గీకి, కిరోసిన్ పూసి పది నిమిషాలు వదిలేయండి. ఆపైన గుడ్డతో పొడిగా తుడిచి, సుద్దముక్కతో తెల్లగా రుద్దండి. పగులు ఉంటే అందులోకి ఇంకిన కిరోసిన్ కాసేపటికి సుద్దలోకి ఊరి, వెంట్రుక మందాన తడి గీతలా కనిపిస్తుంది. గీత కనిపించిన భాగంతో చేలోకి దిగవద్దు. "ఈ నాలుగెకరాలూ అయ్యాక చూద్దాం" అనుకున్న నాలుగెకరాల్లోనే అది విరుగుతుంది.

ముందు చక్రాలను ఒక్కొక్కటిగా జాకీ మీద లేపి, టైరును పైన ఒక చేత్తో, కింద ఒక చేత్తో పట్టుకుని లోపలికీ బయటికీ ఊపండి. కటకటమని ఆడితే హబ్బు (చక్రం నడిమి దిమ్మ) బేరింగు వదులైందని అర్థం. అదే సమయంలో ముందు యాక్సిల్ మొత్తం మధ్య చీల దగ్గర ముందుకూ వెనక్కూ ఊగుతున్నదేమో కూడా చూడండి. అక్కడ బుష్షు అరిగితే గట్టు మీద పడే ప్రతి దెబ్బా నేరుగా యాక్సిల్ బ్రాకెట్టుకే తగులుతుంది.

క్లచ్ హౌసింగు అడుగున ఒక చిన్న రంధ్రం ఉంటుంది. మామూలు రోజుల్లో అది తెరిచే ఉండాలి. లోపలి సీలు కారితే ఆ నూనె క్లచ్ ప్లేటు మీదికి పోకుండా అక్కడి నుంచి బయటికి వచ్చేస్తుంది. నీటిలో పని చేసేటప్పుడు మాత్రం దానికి ప్లగ్గు బిగించాలి, లేకపోతే బురదనీరు నేరుగా ప్లేటు దగ్గరికి చేరుతుంది. చాలా బండ్లతో ఈ ప్లగ్గు కొన్నప్పుడే ఇస్తారు. అది ఎక్కడో పారేసుకుని, రంధ్రంలో గుడ్డ కుక్కి పని కానిచ్చేవారిని చూశాను. గుడ్డ నీటిని ఆపదు, పైగా కారే నూనెను పీల్చుకుని కారుతున్న సంగతే తెలియనివ్వదు. దమ్ములు అయిపోగానే ప్లగ్గు తీసేయడం మరిచిపోకూడదు. తీసినప్పుడు నూనె చుక్కలు పడితే క్రాంకు సీలో గేరుబాక్సు సీలో పోయిందని తెలుసుకోవాలి.

గేరుబాక్సుకూ వెనుక యాక్సిల్ హౌసింగుకూ గాలి ఆడే బ్రీదరు మూత ఉంటుంది. అది మట్టితో మూసుకుపోతే వేడెక్కిన నూనె ఆవిరికి దారి ఉండదు, అప్పుడు సీళ్ళ మీద ఒత్తిడి పడుతుంది. ఆ మూతను విప్పి కడిగి, ఊది బిగించండి.

2. దమ్ము చక్రాలు బిగించడం

చక్రం ఆనే ముఖమూ, హబ్బు ముఖమూ రెండూ తుప్పు, రంగు, ఎండిన మట్టి లేకుండా ఉండాలి. రెండు ఇనుప ముఖాల మధ్య మట్టి పొర ఉన్నా బోల్టు బిగిసినట్టే అనిపిస్తుంది. గంట నడిచాక ఆ పొర నలిగి రాలిపోతుంది, బోల్టు వదులవుతుంది, ఆపైన చక్రం రంధ్రాలను కోడిగుడ్డు ఆకారంలోకి సాగదీస్తుంది. చాలామంది "బోల్టు తెగింది" అని చెప్పే సందర్భాల్లో జరిగింది ఇదే.

బోల్టులను వరుసగా కాకుండా ఎదురెదురుగా, రెండు మూడు విడతలుగా బిగించాలి. మీ బండి పుస్తకంలో ఎంత బిగువు ఉండాలో రాసి ఉంటుంది. ఆ కొలిచే పానా అందుబాటులో ఉంటే దానితోనే చూడండి. బిగించాక ప్రతి నట్టు మీద నుంచి డిస్కు మీదికి ఒకే గీతగా తెల్ల పెయింటు వేయండి. ఆ గీత రెండుగా విరిగి పక్కకు జరిగి కనిపిస్తే నట్టు తిరిగిందని పానా పట్టకుండానే తెలిసిపోతుంది. మొదటి రెండు మూడు గంటల పని తరువాత అన్నిటినీ మరోసారి బిగించాలి. ఆ తరువాత రోజూ ఉదయం ఒకసారి చాలు.

టైరు తీసి పూర్తి ఇనుప చక్రం వేయాలా, టైరు పక్కన సగం చక్రం తగిలించాలా అని అడుగుతుంటారు. లోతు దిగబడే చేలో పూర్తి చక్రమే మంచిదని నా అభిప్రాయం. సగం చక్రం బయటికి పొడుచుకు వచ్చి ఉంటుంది గనుక దాని బయటి అంచు గట్టుకు తగిలిన ప్రతిసారీ ఆ దెబ్బ పొడవాటి కాడతో మెలిపెట్టినట్టు ఇరుసు మీద పడుతుంది. అయితే రోజుకు రెండు మూడు ఊళ్ళు మారే కిరాయి బండికి టైరు ఉంచుకోక తప్పదు. అలాంటివారు సగం చక్రాలను రోడ్డెక్కే ముందు విప్పాలి. ఇనుప చక్రాలతో తారురోడ్డు మీదికి వెళితే జరిమానా ఒక నష్టం, గట్టి నేల మీద ప్రతి ఆకూ కొట్టే దెబ్బకు బేరింగులు పాడవడం అంతకంటే పెద్ద నష్టం. ట్రక్కు మీద ఎక్కించుకుని వెళ్ళడమే పద్ధతి.

3. రోటోవేటరు షాఫ్టు, క్రాసు, షియర్ బోల్టు

క్రాసు పదేపదే పోతున్నదంటే తప్పు సాధారణంగా క్రాసుది కాదు. నాలుగు కారణాలు వెతకండి.

మొదటిది, పీటీఓ (ఇంజను శక్తిని షాఫ్టుకు అందించే ట్రాక్టరు వెనుక ఇరుసు) తిరుగుతుండగానే రోటోవేటరును పైకి ఎత్తడం. ఎత్తిన కొద్దీ షాఫ్టు వంపు పెరుగుతుంది, ఆ వంపులో పూర్తి వేగంతో తిరిగే క్రాసు సూదుల మీద దెబ్బలు పడతాయి. గట్టు దగ్గర మలుపులో కొద్దిగా ఎత్తితే ఫరవాలేదు. గట్టు దాటడానికి పూర్తిగా ఎత్తవలసి వస్తే ముందు పీటీఓ ఆపాలి. రెండవది, షాఫ్టు రెండు ముక్కలను విప్పి మళ్ళీ తొడిగేటప్పుడు రెండు చివరల చెవులు ఒకే తలంలో లేకపోవడం. ఒకటి నిలువుగా, ఒకటి అడ్డంగా ఉంటే షాఫ్టు ప్రతి చుట్టుకూ గుంజుతూ తిరుగుతుంది, బండి అంతా వణుకుతుంది. మూడవది, షాఫ్టు పొడవు. వేరే బండికి కొన్న రోటోవేటరును మీ బండికి తగిలించినప్పుడు ఇది తప్పక చూడాలి. ఇంజను ఆపి, రెండు ముక్కలను విడదీసి, ఒకటి బండికి, ఒకటి రోటోవేటరుకు తగిలించి పక్కపక్కన పట్టుకోండి. రెంటికీ దూరం అతి తక్కువగా ఉన్న ఎత్తులో కూడా లోపలి గొట్టం అడుగుకు తగలకుండా అంగుళమైనా ఖాళీ ఉండాలి. దూరం అతి ఎక్కువగా ఉన్నప్పుడు గొట్టంలో మూడో వంతుకు తక్కువ కాకుండా ఒకదానిలో ఒకటి ఉండాలి. ఖాళీ లేకపోతే ఎత్తిన ప్రతిసారీ షాఫ్టు గునపంలా పీటీఓ బేరింగును పొడుస్తుంది. నాలుగవది గ్రీజు. క్రాసు టోపీల అంచున ఇటుకపొడి రంగు దుమ్ము కనిపిస్తే లోపల గ్రీజు అయిపోయి సూదులు ఎండుతున్నాయని అర్థం. దమ్ములో రోజుకు ఒకసారి కాదు, ఉదయం, మధ్యాహ్నం రెండు పూటలా, పాత గ్రీజు బయటికి వచ్చేదాకా కొట్టాలి.

షియర్ బోల్టు గురించి మాత్రం గట్టిగానే చెప్పవలసి ఉంది. అది తెగడానికే పెట్టిన బోల్టు. బ్లేడుకు రాయో, పాత కొబ్బరి మోడో తగిలినప్పుడు అది తెగి గేరుబాక్సును కాపాడుతుంది. రెండుసార్లు తెగగానే విసుగొచ్చి గట్టి బోల్టు వేసేవారు ఉంటారు. బోల్టు తల మీద 8.8, 10.9 వంటి అంకెలు ఉంటాయి. అంకె పెద్దదైన కొద్దీ బోల్టు గట్టిది. కంపెనీ ఇచ్చిన బోల్టు మీద ఏ అంకె ఉంటే అదే వేయాలి, అంతే మందం ఉండాలి. గట్టి బోల్టు తెగదు నిజమే, దాని బదులు గేరుబాక్సులోని క్రౌను చక్రం పళ్ళు రాలుతాయి. మీ షాఫ్టుకు షియర్ బోల్టు కాకుండా జారే క్లచ్ ఉంటే దాని స్ప్రింగు నట్లను చివరిదాకా బిగించడం కూడా ఇదే తప్పు.

సార్వాకు ముందు జీలుగ, జనుము, పిల్లిపెసర చల్లి కలియదున్నే చేలో మరో చిక్కు ఉంటుంది. ముదిరిన జీలుగ నార తాళ్ళలా రోటరు చివరలకు చుట్టుకుని, లోపలి సీలు పెదవిని కోసేస్తుంది. భీమవరం వైపు చెరువుల పక్క చేలల్లో జీలుగకు తోడు చిరిగిన వల ముక్కలు, నైలాను తాళ్ళు కూడా చుట్టుకుంటాయి. ప్రతి రెండు గంటలకు ఇంజను ఆపి, తాళంచెవి జేబులో వేసుకుని, కొడవలితో ఆ చుట్లను కోసి తీయాలి. ఇంజను ఆపడం గురించి రెండోసారి చెబుతున్నాను: పీటీఓ లివరు తీసినంత మాత్రాన చేయి పెట్టవద్దు. లుంగీ వదులుగా కట్టుకునీ, మెడలో తువ్వాలు వేసుకునీ తిరిగే షాఫ్టు దగ్గరికి ఎవరూ వెళ్ళకూడదు.

4. చేలో నడపడం

తెలియని చేనైతే నీరు పెట్టకముందే కర్ర పట్టుకుని ఒకసారి నడిచి రండి. పాత బోదె (చిన్న కాలువ), పూడ్చిన రొయ్యల చెరువు తాలూకు గుంత, ఎలక్ట్రిక్ స్తంభం తాడు, అరటి బోదెలు పాతిన చోటు అన్నీ నీటి కింద ఒకేలా ఉంటాయి. చెరువును మళ్ళీ చేనుగా మార్చిన చోట పాత గుంత గట్టు వారగా ఉండడం మామూలు. అక్కడ పైన గట్టిగా కనిపించినా ముందు చక్రం ఒక్కసారిగా తొడలోతు దిగుతుంది. అనుమానం ఉన్న ప్రతి చోటా ఒక రెల్లు పుల్ల గుచ్చండి.

గట్టు దాటే పద్ధతి ఇది. ముందు గట్టును పారతో చెక్కి రెండు వైపులా వాలు చేయండి. ఐదు నిమిషాల పని. పీటీఓ ఆపి, రోటోవేటరును నేలకు తగలనంత ఎత్తులో మాత్రమే ఉంచండి. లో ఫస్టు గేరులో, గట్టుకు నిటారుగా, రెండు వెనుక చక్రాలూ ఒకేసారి ఎక్కేలా వెళ్ళండి. ఏటవాలుగా వెళితే ఒక చక్రం పైకి, ఒకటి బురదలోకి పోయి బండి బరువంతా ఒక ఇరుసు మీద మెలితిరుగుతుంది. ఊపు కోసం వేగంగా వచ్చి గట్టును గుద్దడం, ఎక్కేటప్పుడు మధ్యలో క్లచ్ తొక్కి మళ్ళీ ఒక్కసారిగా వదలడం రెండూ విరుగుళ్ళకు రాచబాటలు.

మలుపులో రోటోవేటరు నేలలో ఉండగా తిప్పవద్దు. ఒక పక్క బ్రేకు తొక్కి గిరుక్కున తిప్పడం చూడటానికి బాగుంటుంది, కాని ఆ బిగువంతా ఒక వైపు గేర్ల మీదే పడుతుంది. డిఫరెన్షియల్ లాకు వేయవలసి వస్తే చక్రాలు ఆగి ఉన్నప్పుడు వేయండి, నేరుగా నడిపినంతసేపే ఉంచండి, మలుపుకు ముందు తీసేయండి. ఒక చక్రం గిర్రున తిరుగుతుండగా లాకు తొక్కితే లోపలి పళ్ళు నిలవవు.

క్లచ్ మీద కాలు ఆనించి నడిపే అలవాటు గురించి రాయకుండా ఉండలేను. బురదలో ఊగుతూ ఉంటుంది గనుక కాలికి ఆసరా కావాలనిపిస్తుంది, తెలియకుండానే పెడలు అరంగుళం దిగుతుంది. సాయంత్రానికి కాలిన వాసన వస్తుంది. పక్కన ఎవరినైనా నిలబెట్టి గంటసేపు మీ కాలును చూడమనండి, నమ్మకం కుదురుతుంది.

5. బండి దిగబడితే

చక్రం ఒక పూర్తి చుట్టు తిరిగినా బండి కదలలేదంటే దిగబడినట్టే. అక్కడే ఆగాలి. ఇంకో రెండు చుట్లు తిప్పితే హౌసింగు నేలకు ఆనుతుంది, అప్పుడు గంటలో అయ్యే పని సాయంత్రందాకా పడుతుంది.

మొదట పీటీఓ ఆపండి. రోటోవేటరు ఎత్తి చూడండి; బురద పీల్చి పట్టుకుని లేవకపోతే హైడ్రాలిక్‌ను బలవంతపెట్టకుండా చీలలు తీసి రోటోవేటరును అక్కడే వదిలేయండి. తరువాత వెనుక చక్రాల వెనుక వైపు మట్టిని పారతో వాలుగా తీసి, కొబ్బరి మట్టలు అడ్డంగా పరవండి. కొబ్బరి మట్టలు దొరకని చోట గడ్డి కుక్కిన గోనెసంచులు పనికి వస్తాయి. ఇప్పుడు రివర్సులో, తక్కువ వేగంతో, నెమ్మదిగా వెనక్కు తీయండి. వచ్చిన దారి అప్పటికే నొక్కుకుని ఉంటుంది గనుక వెనక్కు రావడమే తేలిక.

ఒక పని మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ చేయవద్దు. వెనుక చక్రాలకు అడ్డంగా దుంగ కట్టి ముందుకు లాగడం మన వైపు ఇంకా ఉంది. దుంగ వల్ల చక్రాలు ఆగిపోతే ఇంజను శక్తి చక్రాలను తిప్పలేక, ఇరుసు చుట్టూ బండినే తిప్పుతుంది. ముందు భాగం లేచి బండి వెనక్కు బోర్లాపడుతుంది. అందుకు రెండు సెకన్లు కూడా పట్టదు. "లేస్తే క్లచ్ తొక్కుతాను" అనే ధైర్యం ఆ రెండు సెకన్లలో పనికిరాదు. లాగే తాడును టాప్‌లింకు దగ్గరో సీటు కిందో కట్టడం వల్ల కూడా ఇదే ప్రమాదం వస్తుంది.

మరో బండితో లాగవలసి వస్తే ఈ వరుస పాటించండి. లాగే బండికి తాడును కింది డ్రాబారుకే (వెనుక అడుగున లాగడానికి ఉండే ఇనుప పట్టీకే) తగిలించాలి. దిగబడిన బండిని వీలైనంతవరకు వెనుక నుంచి, దాని డ్రాబారు పట్టుకునే లాగాలి. ముందు నుంచి లాగక తప్పకపోతే ముందు భాగాన మధ్యలో ఉండే కొక్కేనికి తగిలించాలి గాని, ముందు యాక్సిల్ చివరలకు కాదు. తాడు మధ్యలో తడి గోనెసంచి వేయండి. తెగినప్పుడు అది కొరడాలా ఎగరకుండా కొంత ఆపుతుంది. తాడు పొడవుకు ఒకటిన్నర రెట్ల దూరంలోపల మనుషులు, ముఖ్యంగా చూడవచ్చిన పిల్లలు, ఉండకూడదు. తాడును ముందు మెల్లగా బిగువుగా చేసి, అప్పుడు లాగాలి. తాడు వదులుగా ఉంచి ఊపుతో గుంజడం వల్లే రెండో బండి కూడా విరుగుతుంది.

హౌసింగు పూర్తిగా నేలలో కూర్చుంటే ట్రాక్టరుతో లాగే ప్రయత్నం మానేసి, గట్టి నేల మీద నిలిచి లాగగలిగే పొక్లెయినును పిలిపించండి. దాని కిరాయి ఎక్కువనిపిస్తుంది గాని, ఇరుసు ధర అడిగితే తక్కువే అనిపిస్తుంది.

కాలువగట్టు మీద నుంచి జారి బండి కాలువలో పడితే బయటికి తీశాక స్టార్టు చేసి చూడవద్దు. సిలిండరులో నీరు ఉంటే అది గాలిలా నొక్కుకుపోదు. పిస్టను దాన్ని కొట్టి కనెక్టింగు రాడ్డు వంగుతుంది. బ్యాటరీ తీగ విప్పి, ఇంజెక్టర్లు తీయించి, నీరు పోయాకే చేత్తో తిప్పి చూడాలి.

6. విరిగిన చోట

ముందు విరిగిన ముఖాన్ని చూడండి. కొన్నేళ్ళ క్రితం కోనసీమలో మా బండికి ఎడమ ఇరుసు విరిగింది. డ్రైవరు గట్టు సరిగా ఎక్కించలేదని నేను అప్పటికే నాలుగు మాటలు అనేశాను. వచ్చిన పెద్ద మెకానిక్కు మాట్లాడకుండా ముక్కను డీజిలుతో కడిగి, బొటనవేలితో తుడిచి నా ముందు పెట్టాడు. గుండ్రని ముఖంలో సగానికి పైగా నల్లగా, నున్నగా, చెట్టు మొద్దు వలయాల్లాంటి గీతలతో ఉంది. మిగిలిన భాగం మాత్రం పంచదార పలుకుల్లా గరుకుగా తెల్లగా మెరుస్తోంది. "ఇది ఇయ్యాల ఇరిగింది కాదండీ, ఎప్పుడో ఇరిగిందండీ. ఇయ్యాల ఊడొచ్చిందంతేనండీ" అన్నాడు. డ్రైవరుకు నేను చెప్పవలసిన మాట ఆ రోజు సాయంత్రం చెప్పాను.

ఆ చూపు మీరూ నేర్చుకోండి. నల్లగా, నున్నగా ఉన్నది పాత పగులు. గరుకుగా మెరిసేది ఆఖరి దెబ్బకు తెగినది. మొత్తం ముఖం గరుకుగా మెరుస్తుంటే ఒకే పెద్ద దెబ్బకు విరిగిందని, నడిపిన తీరు చూసుకోవాలని అర్థం. నల్లటి భాగం ఎక్కువగా ఉంటే కారణం వెనుక ఉంది: వదులైన బేరింగు, వదులైన చక్రం, లేదా ఎక్కువ బరువు. ఆ కారణం సరిచేయకుండా కొత్త ఇరుసు వేస్తే అది కూడా వచ్చే ఏడాది అదే చోట విరుగుతుంది.

విరిగిన ముక్కను పాత ఇనుముకు వేయకండి, దుకాణానికి పట్టుకువెళ్ళండి. ఇరుసు చివర పళ్ళు లెక్కపెట్టి, పొడవు కొలిచి, కొత్తదానితో పక్కపక్కన పెట్టి చూసుకోవాలి. ఒకే పేరు గల బండిలో కూడా తయారైన ఏడాదిని బట్టి పళ్ళ లెక్క మారవచ్చు.

వెల్డింగు ఎక్కడ పనికి వస్తుంది? దమ్ము చక్రం ఆకులు, రోటోవేటరు పై రేకు, మడ్‌గార్డు, నాగలి చట్రం వంటివి వెల్డింగు చేసుకోవచ్చు. ఇరుసు, షాఫ్టు, స్టీరింగు కీళ్ళు, లింకుల చీలలు వెల్డింగు చేయించకూడదు. అవి ప్రత్యేకంగా వేడిచేసి గట్టిపరచిన ఉక్కు, వెల్డింగు వేడికి ఆ గట్టిదనం పోయి అతుకు పక్కనే మళ్ళీ తెగుతాయి. పోత ఇనుప హౌసింగు పగిలితే మామూలు రాడ్డుతో అతికిస్తే చల్లారేటప్పుడే పక్కన మరో పగులు తీస్తుంది. బండికి తగిలి ఉన్న భాగాన్ని వెల్డు చేయిస్తుంటే ముందు బ్యాటరీ, ఆల్టర్నేటరు తీగలు విప్పించండి, ఎర్తు క్లిప్పును అతికే చోటుకు దగ్గరలోనే పెట్టించండి. దూరంగా పెడితే కరెంటు బేరింగుల గుండా పోయి వాటి మీద మచ్చలు తీస్తుంది.

7. సాయంత్రం పని

వేడిగా ఉన్న ఇంజను మీద చన్నీళ్ళు కొట్టవద్దు; అరగంట ఆగండి. రేడియేటరు రెక్కల్లో ఎండిన బురదను ఇంజను వైపు నుంచి బయటికి వచ్చేలా తక్కువ ఒత్తిడి నీటితో కడగండి. సీళ్ళు, బ్రీదరు, డిప్‌స్టిక్కు దగ్గర ప్రెజరు గొట్టం పెట్టవద్దు, అది నీటిని లోపలికి తోస్తుంది. ముందు చక్రాల హబ్బులకు గ్రీజు బండి కడిగాకే కొట్టాలి, కడగకముందు కాదు. బూడిదరంగులో నీళ్ళతో కలిసిన పాత గ్రీజు ముందు బయటికి వస్తుంది. శుభ్రమైన గ్రీజు కనిపించేదాకా కొట్టండి. గోదావరి చివరి భూముల్లోనూ, చెరువుల్లోనూ ఉప్పునీటిలో పని చేస్తే అదే రాత్రి మంచినీటితో కడగక తప్పదు. బోల్టు మరలు, తీగల కనెక్షన్లు తెల్లారేసరికే తుప్పు పడతాయి.

8. సరిగా ఉందో లేదో తేల్చుకోవడం

నూనెలో నీరు చేరిందేమోనని అనుమానం ఉంటే బండిని రాత్రంతా కదపకుండా నిలపండి. నీరు నూనె కంటే బరువు గనుక అడుగుకు దిగుతుంది. ఉదయం, స్టార్టు చేయకముందే, గేరుబాక్సు కింది ప్లగ్గును కొద్దిగా మాత్రమే వదులు చేసి, వచ్చిన మొదటి చుక్కలను గాజు గ్లాసులో పట్టండి. ముందు నీరు వచ్చి తరువాత నూనె వస్తే అడుగున నీరు చేరింది. అసలే పాల టీలా వస్తే రెండూ కలిసిపోయాయి. ఇక నిలబెట్టి వేరుచేయడం కుదరదు, మొత్తం మార్చవలసిందే. చాలా బండ్లలో గేర్లకూ హైడ్రాలిక్‌కూ ఒకే నూనె గనుక పదుల లీటర్లు పడుతుంది, గుండె గుభేలుమంటుంది. అయినా నూనె మార్చే ముందు నీరు ఎక్కడి నుంచి వచ్చిందో కనిపెట్టి, ఆ సీలు మార్చించండి. సీలు మార్చకుండా నూనె మార్చి, వారం తిరగకుండా మళ్ళీ పాల టీ చూసినవారు నాకు ఒక్కరు కాదు తెలిసింది.

క్లచ్ కోసం, పెడలు ఖాళీ ఆట పుస్తకంలో ఉన్నంత ఉందో లేదో కొలవండి. తరువాత గట్టి నేల మీద పెద్ద గేరులో వెళుతూ ఒక్కసారి యాక్సిలరేటరు పెంచి చూడండి. ఇంజను చప్పుడు పెరిగి వేగం పెరగకపోతే ప్లేటు జారుతోంది.

చక్రాల కోసం తెల్ల గీతలు చూడండి. హబ్బుల కోసం పని ఆగగానే అరచేయి ఆనించి చూడండి. రెండు వైపులా వేడి ఒకేలా ఉండాలి, ఒక వైపు చేయి పెట్టలేనంతగా కాలితే ఆ వైపు బేరింగు విప్పించండి. రోటోవేటరు గేరుబాక్సుకూ అదే పరీక్ష.

చివరగా, బండి నిలిపిన చోట రాత్రి ఒక పాత సిమెంటు సంచినో అట్టముక్కనో బండి కింద పరచి ఉంచండి. ఉదయం దాని మీద మరక ఏ భాగం కింద పడిందో చూస్తే, ఏ సీలు ముందు మార్చాలో మెకానిక్కు రాకముందే తెలిసిపోతుంది.